అత్తగారి నీళ్ళ పథ్యం

డైరీ ఫార్మ్ పేటలోని ఆ ఇంట్లో తెల్లారగానే లక్ష్మీకుమారి చేసే మొదటి పని అత్తగారికి నీళ్ళు కొలవడం. ఎరుకమ్మకి గుండె బలహీనపడి కాళ్ళు వాచాయి. తన కూతురు కళ్యాణిని తోడు తీసుకుని కుమారి ఆమెను ఆస్పత్రికి తీసుకెళితే, డాక్టరమ్మ హిందీలో "పానీ కా పరహేజ్" అంది. టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకి లీటరు. చెవులు మందగించిన ఎరుకమ్మ "ఏటంతంది?" అని కోడలి మొహంలోకి చూసింది. "నీళ్ళు పథ్యం చెయ్యమంది అత్తా" అంది కుమారి. ఆ మాట చెప్పడం ఆమెకి బెల్లం ముక్క చప్పరించినంత హాయిగా ఉంది.

పథ్యమన్న మాట ఆ ఇంటికి కొత్త కాదు. జ్వరమొస్తే పథ్యం, కామెర్లొస్తే పథ్యం, పిల్లకి పళ్ళొస్తుంటే తల్లికి పథ్యం. కుమారి మొగుడు దానయ్య బీడీలు మానేస్తే దాన్నీ పథ్యమే అన్నారు. ఎరుకమ్మ నోట ఆ మాట వచ్చిందంటే చేప బంద్, చింతపండు బంద్, ఎదురు చెప్పే నోరూ బంద్.

కుమారి గుండెలో ముల్లులా దిగిన పథ్యం మాత్రం ఒక్కటే, కళ్యాణి పుట్టినప్పటిది. బాలింతకి నీళ్ళిస్తే పొట్ట జారిపోతుందని ఎరుకమ్మ బిందె తన మంచం పక్కనే పెట్టుకుంది. నాలుక పిడచకట్టుకుపోయి, ఒక మధ్యాహ్నం కుమారి పసిగుడ్డు స్నానానికి తీసి ఉంచిన నీళ్ళు దోసిట పట్టి తాగేసింది. ఎరుకమ్మ చూసింది. తిట్టి ఊరుకున్నా బాగుండేది. పక్కింటి బుల్లమ్మని కేకేసి చూపించి పగలబడి నవ్వింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాలలో నలుగురు కూడినప్పుడల్లా ఆ కథ చెప్పి నవ్వించేది. నవ్విన ప్రతి మొహమూ కుమారికి గుర్తే.

అందుకే ఇప్పుడు లీటరు సీసా నిండా నీళ్ళు పట్టి, సగానికి పైగా మళ్ళీ కుండలోకి వంపేసేది. టీ, చారు కూడా ఆ మిగిలిన లెక్కలోకే. లీటరు దాటకూడదన్నారు గాని తగ్గకూడదన్నారా అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఓడ మీద పనిచేసే దానయ్య ఇంటికొచ్చినప్పుడల్లా "మా అమ్మని పువ్వులా సూసుకుంటన్నావు" అని మురిసిపోయేవాడు. మగాళ్ళకి పొయ్యి దగ్గర జరిగే యుద్ధాలు ఎప్పుడు తెలిశాయి గనక.

కళ్యాణి అత్తవారిల్లు తుష్నాబాద్‌లో. తొలి కానుపు, ఏడో నెల. పురుడు ఇక్కడే పొయ్యాలని కుమారి పంతం పట్టింది. తన పిల్ల అడిగినన్ని నీళ్ళు తాగాలని కొత్త ఫిల్టరు కూడా బిగించింది. ఆ ఇంట్లో ఆ ఫిల్టరు నీళ్ళు ఎరుకమ్మకి తప్ప అందరికీ దొరికేవి.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. కుమారి పెరట్లోకి వచ్చేసరికి ఎరుకమ్మ కాళ్ళు కడుక్కునే బకెట్టులో చేతులు ముంచి, దోసిలి నోటి దగ్గర పెట్టుకుంటోంది. కుమారి ఇన్నేళ్ళుగా కాచుకున్న ముహూర్తం అది. ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. గోడ దగ్గరికి పరుగెత్తింది.

"బుల్లమ్మొదినా, ఏగిరం రా. మా అత్త కాళ్ళు కడుక్కునే నీళ్ళు తాగేస్తంది, సూడు."

బుల్లమ్మ వచ్చి చూసింది. నవ్వలేదు. తల దించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. కుమారి ఒక్కతే నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, చెకప్ చేయించుకుని వచ్చిన కళ్యాణి తలుపు దగ్గర కనిపించింది. జరిగిందంతా చూసింది. లోపలికెళ్ళి సీసా పట్టుకొచ్చింది.

"అమ్మా, ఇది మామ్మకి రోజంతటికీనా?"

"పథ్యమే. నీకు తెలీదు."

"ఆ రోజు డాక్టర్‌తో మాట్లాడింది నేనే కదా. పూరా ఏక్ లీటర్ అంది. ఇది ఆధా, సగం కూడా లేదు."

కుమారి గొంతు పెంచింది. "నన్ను ఎండబెట్టినప్పుడు ఎవరు కొలిచారే? నువ్వు పొత్తిళ్ళలో ఉన్నావు. నేను దాహమంటే ఊరంతా నవ్వారు. ఒక్కరు నా తరఫున మాట్లాడలేదు."

"మామ్మ చేసింది గలత్, తప్పే. నేను కాదనను." కళ్యాణి సీసా తల్లి చేతిలో పెట్టింది. "కాని నేను పురిటికి ఇక్కడికి రానమ్మా. రేపు నా మీద నీకు కోపమొస్తే నా గ్లాసు కూడా కొలుస్తావేమోనని భయంగా ఉంది."

కుమారి నిలువునా నీరైపోయింది. ఎవరి కోసం ఆ ఫిల్టరు బిగించిందో, ఆ పిల్లే తన చేతి నీళ్ళకి భయపడుతోంది.

ఎరుకమ్మకి మాటలు సగం వినపడ్డాయి, సీసా చూసి మిగతాది అర్థమైంది. గట్టు మీద కూలబడింది.

"కుమారీ, నీళ్ళియ్యకపోడం తెలీక సేసినాను. మా అమ్మ అలాగే సెప్పింది. నవ్వడం మాత్రం తెలిసే సేసినాను."

ఆ ఒక్క మాట కోసం కుమారి ఇన్నేళ్ళు కాచుకుంది. తీరా చెవిన పడ్డాక అందులో తీపి లేదు.

"నేను రెండూ తెలిసే చేశానత్తా" అంది.

లోపలికెళ్ళి ఫిల్టరు కింద గ్లాసు పెట్టి నింపుకొచ్చింది. ఎరుకమ్మ రెండు చేతులతో అందుకుని గటగటా తాగింది. సగంలో ఆగిపోయింది. గ్లాసు దించి, భయంభయంగా కోడలి మొహంలోకి చూసింది.

"సాలా? పథ్యం తప్పిపోనేదు గదా?"

"తప్పలేదు, తాగత్తా" అంటూ కుమారి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేసింది.