తెలుపు పోయేదాకా

నమ్మేటట్లుంటేనే చెప్త, నవ్వితే ఇక్కడ్నే ఆపేస్త. దమ్ముంటే లైటు బంద్ చేసి చదువు.

బిజినేపల్లి దగ్గర మా రామన్న పెద్దనాయన ఉన్నడు కదా, ఆయన ముచ్చట. వరదల అలంపూర్ మునిగిందే, ఆ తర్వాతి చలికాలం. పల్లికాయ చేను సగం పీకిచ్చిండు. మిగిలిన సగాన్ని అడివి పందులు రోజూ తవ్విపోతున్నయి. పీకిన కాడ మన్నుల మిగిలిన కాయలు ఏరుకుంటమని ముసలోళ్లొస్తే గూడ ఊకోలే ఆయన. "మళ్లొస్తే కాళ్లిరగ్గొడ్త" అని కట్టె పట్టుకొని ఉరికిచ్చిండు.

ఆయన బామ్మర్ది నాగేశ్ పట్నం నుంచి జీపేసుకొని దిగిండు. రైఫిల్ మీద థర్మల్ స్కోపు.

"బావా, దీనికి వెలుగుతోటి పనే లేదు. ఒంట్ల వేడినే చూస్తది. వేడిగుంటే తెల్లగ, సల్లగుంటే నల్లగ. మొఖం గిఖం తెల్వదు, వేడి ముద్దొక్కటే."

ఇంకా తెల్లారలే. మంచు. తడి మన్ను వాసన. గట్టు మీద ఇద్దరు బోర్ల పండుకున్నరు. రామన్నకు ఉత్త కండ్లకు ఏం కనవడలే. స్కోపుల చూస్తే… నల్లటి చేను నడుమ తెల్లటి ముద్ద. వంగి మన్ను తవ్వుతుంది.

"పందే. కొట్టురా."

నాగేశ్ కొట్టిండు.

పంది అరవలే. "అయ్యో అవ్వా" అన్నది.

టార్చి ఏసిండ్రు. కాయలేరుకునే ముసలి ఎంకమ్మ. కొంగుల గుప్పెడు కాయలు. పొద్దుగాలైతే ఉరికిస్తడని చీకట్లనే వచ్చింది. పొట్టల తగిలింది. పాక్కుంటొచ్చి రామన్న కాలు పట్టుకుంది.

"దవాఖానకు తీస్కపో బిడ్డా… ఎవలకు చెప్ప…"

నాగర్‌కర్నూల్ దగ్గర్నే. జీపుంది. బతుకుతుండె.

నాగేశ్ చెవుల చెప్పిండు. "బతికితే చెప్తది బావా. ఇద్దరం జైలుకే."

రామన్న కాలు గుంజుకున్నడు.

మళ్ల గట్టెక్కి పండుకున్నరు. స్కోపు పెట్టి చూస్కుంట. ముందు ఆమె కాళ్లు బూడిదరంగైనయి. తర్వాత చేతులు. పొట్ట కాడ మాత్రం తెల్లగనే… కింద మన్ను గూడ తెల్లగ.

"గింత సేపా ముసల్ది?" అని నాగేశ్ బీడీ అడిగిండు. రామన్న ఇచ్చిండు.

ఇగ మొత్తం నల్లగైంది.

జీపెక్కిండ్రు. చీకట్ల నాగేశ్‌కు తాళం పడతలే. ఎవలన్న వస్తుండ్రా అని రామన్న స్కోపు ఊడదీసి ముందటి అద్దంలకెల్లి చూసిండు.

"అద్దం దాటి వేడి రాదు బావా. మన ఒంటి వేడే అండ్ల మళ్ల కనవడ్తది."

నిజమే. అద్దంల నాగేశ్ తెల్లగ కూసున్నడు. పక్కన రామన్న. ఆయన గూడ తెల్లగనే.

కాళ్లు బూడిద.

స్కోపు తుడిసి మళ్ల చూసిండు. మోకాళ్లు బూడిద… నడుము…

"నాగేశూ… చూడురా… నేను కనవడ్తున్ననా?"

నాగేశ్ స్కోపు గుంజుకొని చూసిండు. తలుపు తీసి చేన్ల వడి ఉరికిండు. జీపు, తుపాకి అన్నీ ఆడనే.

ఎంకమ్మను పందులు పొడిసినయన్నరు ఊర్ల. ఎవలు అడగలే.

పెద్దనాయన సచ్చిండనుకుంటున్నవా? లే. తింటుండు, తిరుగుతుండు. గింత ఎండల అరుగు మీద దుప్పటి కప్పుకొని కూసుంటడు. మొఖం మీద ఈగలు ముసురుతయి, తోలుకోడు. మొన్న అమ్మ కూరిచ్చి పంపింది. గిన్నె అందుకుంటుంటే ఆయన ఏళ్లు నాకు తగిలినయి, అవి…

ఆగురా, అమ్మ పిలుస్తుంది