కడలి అడిగిన బిడ్డలు

"ఆ పడవ ఎక్కావంటే, కహల్... ఈ నానమ్మ చచ్చిందనుకో!"

డీలియా ముసలమ్మ ఆ మాట అంటూనే పళ్ళెం విసురుగా తోసేసింది. ఉడికిన బంగాళాదుంపలు బల్ల మీద దొర్లాయి. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్న కహల్ నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. పాపం, వాడు చెప్పింది మాత్రం ఏముంది? ఊరి రక్షణ పడవలోకి తనను తీసుకున్నారని, శనివారం నుంచి రమ్మన్నారని! గాలివానలో చిక్కుకున్న వాళ్ళను ఒడ్డుకు చేర్చే పని. ఇంకో ఇంట్లో అయితే ఆ కబురుకి కుర్రాడి వీపు తట్టి మురిసిపోయేవారు. గాహన్ వారింట్లో మాత్రం చావు కబురు విన్నట్టు అందరి మొహాలూ పాలిపోయాయి.

"ఇప్పుడేమైందమ్మా?" అన్నాడు మ్యాటీ నెమ్మదిగా. తల్లీ పెళ్ళామూ మాటా మాటా అనుకుంటున్నప్పుడు టీ కప్పులోకి చూస్తూ కూర్చోవడంలో ఆరితేరిన మనిషి అతను.

"ఏమైందా? నీ పెళ్ళాన్ని అడుగు! కోస్ట్‌గార్డ్ రక్తంరా అది, ఊరుకుంటుందా? లండన్ రాజు జీతం తిని మన ఊరి మీద కాపలా కాసిన వాళ్ళ రక్తం! ఇన్నాళ్ళకి నా మనవడిలో లేచింది!"

అట్రాక్టా తల వంచుకుని బల్ల తుడవసాగింది. పెళ్ళై మేయో తీరంలోని ఈ కారిగ్‌దూన్ ఊరికి వచ్చిన రోజు నుంచి వింటున్న ఎత్తిపొడుపే అది. రొట్టె మాడినా కోస్ట్‌గార్డ్ రక్తమే, గొర్రె కంచె దూకినా కోస్ట్‌గార్డ్ రక్తమే! మొదట్లో ఏడ్చేది... తర్వాత ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. కానీ ఈ రోజు అత్తగారి గొంతులో విషం లేదు. భయం ఉంది! ఎంత గాలికైనా గుమ్మంలో నిలబడి తిట్టిపోసే ఆ మనిషి మనవడి మొహం చూడలేక కళ్ళు తిప్పుకుంటే, అట్రాక్టా చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"మీ ముత్తాత కొడుకులు ఏమయ్యారో తెలుసుకుని రా, అమ్మాయ్!" అంది డీలియా లేస్తూ. "తెలుసుకున్నాక కూడా వీణ్ణి పంపే గుండె నీకుంటే... అప్పుడు పంపు!" గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

కహల్ తల్లి పక్కకు వచ్చాడు. "నువ్వు చెప్పమ్మా. నువ్వు వద్దంటే వెళ్ళను."

ఒక్కగానొక్క కొడుకు... వాడి బతుకు తన నాలుక మీద పెట్టేశాడు! "నేను వచ్చేదాకా ఆగు, నాన్నా," అంది అట్రాక్టా.

ముత్తాత గురించి ఆమెకు తెలిసింది ఎంత? పేరు సిలస్ పెంగెల్లీ. ఇంగ్లీషువాళ్ళ కార్న్‌వాల్ నుంచి కోస్ట్‌గార్డ్ కొలువులో వచ్చాడు. ఒడ్డున కాలి మొండిగోడలై నిలిచిన ఆ స్టేషన్‌లో కొన్నాళ్ళున్నాడు. అంతే! అట్రాక్టా పుట్టి పెరిగింది సముద్రం వాసన కూడా తగలని రాస్‌కామన్‌లో. తాత జోసయా రొట్టెల బట్టీ నడుపుకున్నాడు. ఆయన బతికినన్నాళ్ళూ పిల్లల్ని చెరువు దగ్గరికి కూడా పోనివ్వలేదట. అట్రాక్టా పెళ్ళినాడు తల్లి వెక్కివెక్కి ఏడుస్తూ, "సముద్రం కనబడని ఊళ్ళో దొరకలేదుటే నీకు మొగుడు!" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు అట్రాక్టా కూడా నవ్వింది! తల్లి కన్నీళ్ళను హాస్యం అనుకున్నందుకు ఇప్పుడు గుండె చివుక్కుమంది.

మర్నాడు కారు తీసుకుని బయల్దేరింది. కారిగ్‌దూన్ ప్రొటెస్టెంట్ శ్మశానంలో పెంగెల్లీ పేరే లేదు. కోస్ట్‌గార్డ్ వాళ్ళను ఏ ఊళ్ళోనూ ఎక్కువకాలం ఉంచేవారు కాదు. ఊరివాళ్ళతో చుట్టరికం కలిసేలోపే సామాను కట్టించి ఇంకో స్టేషన్‌కు పంపేవారు. బతికున్నవాళ్ళు మూటలు మోసుకుని వెళ్ళేవారు, పోయినవాళ్ళు ఏ ఊరి మట్టిలో వాళ్ళు ఉండిపోయేవారు. ముత్తాత కాపురం ఎటు కదిలిందో వెతకాలంటే ఆ తీరం వెంట పైకి పోవలసిందే.

స్లైగో ఒడ్డున ఒక చిన్న చర్చి వెనక, దురదగొండి మొక్కల్లో మొదటి రాయి దొరికింది. చేత్తోనే మొక్కలు పీకింది. అరచేతులు మండుతున్నా ఆగలేదు. 'జాబెజ్. కోస్ట్‌గార్డ్ సిలస్ పెంగెల్లీ కుమారుడు. పదకొండేళ్ళు. సముద్రంలో మునిగి...' పదకొండేళ్ళు! పాలపళ్ళు రాలి పూర్తిగా కొత్తవి కూడా వచ్చి ఉండవు! ఆ రాయిని పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు. ఆ తర్వాతి స్టేషన్ ఊళ్ళో హెడ్లీ రాయి. వాడికి పదహారు. వాడూ మునిగిపోయాడు. మూడో చోట ఏముందో అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. అయినా వెళ్ళింది. పంపాలా వద్దా అని ఇంట్లో కొడుకు ఎదురు చూస్తున్నాడు కదా!

డోనెగాల్‌లో చర్చి తాళంచెవి పక్కింటి ఆలివ్ అనే ముసలావిడ దగ్గరుంది. ఎనభై దాటిన మనిషి, నడుము వంగినా నాలుక వంగలేదు.

"పెంగెల్లీ వాళ్ళా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా! మా అమ్మ బతికుండగా వస్తే పొద్దుగూకేదాకా చెప్పేది. రా, చూసి నడువు, రాళ్ళు జారతాయి... ఇదిగో, విలియం. పడవ తాడు కడుతూ నీళ్ళలో పడి చనిపోయాడట. పక్కన వాడి తండ్రి, తల్లి."

"ముగ్గురు కొడుకులూ నీళ్ళలోనే ఎందుకు పోయారండీ?" అంది అట్రాక్టా.

ఆలివ్ సముద్రం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మీది తీరం ఊరే కదా, నీకు తెలీదూ? సముద్రం తనదనుకున్న మనిషిని ఎవడు లాగేస్తే వాడింట్లో బదులు తీసుకుంటుంది. కారిగ్‌దూన్‌లో ఎవరిదో పడవ తిరగబడిందట. ఒడ్డున మగాళ్ళందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. జాలి లేక కాదు తల్లీ, వాళ్ళకీ పిల్లలున్నారు! మీ ముత్తాత బయటివాడు, ఆయనకేం తెలుసు? దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు."

"ఎవర్ని?"

"పేరు తెలీదు. 'ఆ ఇంటివాళ్ళు ఒక్కనాడూ మా మొహం చూళ్ళేదు' అని టామ్సిన్, అదే మీ ముత్తవ్వ, మా అమ్మమ్మతో అనేదట. ఇద్దరు కొడుకులు పోయాక ఆయనకీ తెలిసింది, ఊరంతా చెప్పారు. అయినా పడవ తిరగబడిందంటే బూట్లేసుకుని పరుగే! ఆడవాళ్ళు కాళ్ళకి అడ్డం పడ్డారట. 'నీకింకా ఇద్దరున్నారయ్యా' అని. టామ్సిన్ మాత్రం ఒక్కనాడూ వద్దనలేదు. మూడోవాడు కూడా పోయాక, తొమ్మిదేళ్ళ చిన్నవాణ్ణి తనే రైలెక్కించి ఎక్కడో రొట్టెలవాడి దగ్గరికి పంపేసింది. మళ్ళీ చూడలేదు."

రొట్టెలవాడు... జోసయా తాత! తొమ్మిదేళ్ళ వయసులో తల్లి చేతిలోంచి రైలెక్కిన ఆ పిల్లవాడు బతకబట్టే తన తల్లి పుట్టింది, తను పుట్టింది, కహల్ పుట్టాడు! అట్రాక్టా ఆ తడి గడ్డిలోనే కూర్చుండిపోయింది. ఆలివ్ తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పింది.

శనివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. ఆకాశం ఇంకా మబ్బు పట్టలేదు గానీ సముద్రం అప్పటికే నురగలు కక్కుతోంది. వంటింట్లో డీలియా ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని ఉంది. కోడలి బట్టలకంటిన మట్టిని చూడగానే ఆమెకు అర్థమైంది.

"చూశావా?"

"చూశాను అత్తయ్యా. ముగ్గుర్నీ చూశాను. మా ముత్తాత ఎవర్ని లాక్కొచ్చాడో మాత్రం తెలీలేదు."

డీలియా రెండు చేతులతో మొహం కప్పుకుంది. "మా తాతని! ఆంటొనీ లవెల్‌ని... మా నాన్న అప్పటికింకా పుట్టలేదు! ఆ తాత పోయుంటే నేనెక్కడ, మ్యాటీ ఎక్కడ? పాపం, మొదటి పిల్లాడు పోయినప్పుడు మీ ముత్తవ్వ స్లైగో నుంచి బండి కట్టించుకుని మా గుమ్మంలోకొచ్చిందట. పాతిపెట్టేచోట మా వాళ్ళలో ఒక్కరైనా నిలబడమని! మా నానమ్మ తలుపు తీయలేదు. కృతజ్ఞత చెబితే ఆ అప్పు మాదని ఒప్పుకున్నట్టని భయం! నువ్వు ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పట్నించి, నిన్ను చూస్తే నాకు ఆవిడే గుమ్మంలో నిలబడ్డట్టుండేదే! అందుకే... అందుకే అన్నన్ని మాటలన్నాను!"

ఇన్నేళ్ళ తిట్లు, పుల్లవిరుపు మాటలు, పండగనాడు కూడా ఒక్క మంచిమాట లేని ఆ బతుకు... అన్నిటి వెనకా ఇదా? అట్రాక్టాకి కోపం రావాలి. రాలేదు. ఆ ముసలి ప్రాణం ఎన్ని రాత్రులు ఒక్కతే ఈ భయంతో పడుకుందో అనిపించింది.

అప్పుడే కహల్ ఫోన్ మోగింది. మెట్ల మీద నిలబడి అంతా విన్నాడేమో, వాడి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "పీతల పడవ... రాళ్ళ మీదికి కొట్టుకొస్తోందట. ఇద్దరున్నారు. మనుషులు చాలట్లేదు, నన్ను రమ్మంటున్నారు." తల్లి వైపు చూశాడు. "అమ్మా?"

డీలియా ముసలితనం మరచి తలుపుకి అడ్డంగా నిలబడింది. "వద్దురా! మీ అమ్మ ఇంకా చెప్పలేదు! చెప్పవే, వద్దని చెప్పు! వీడిలో రెండు వైపులదీ ఉంది, ఆ లాగినవాడి రక్తం, ఆ బతికినవాడి రక్తం! వీడు సముద్రానికి కనబడకూడదు!"

అట్రాక్టాకి వద్దని అరవాలనే ఉంది! కొడుకుని పట్టుకుని గదిలో పెట్టి తాళం వెయ్యాలనే ఉంది! కానీ ఆ పడవలో ఉన్న ఇద్దరికీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. ఎవరో అనామకుడి కోసం దూకిన మనిషి వల్లే ఈ గదిలో నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరు పుట్టారు. అన్నీ తెలిశాక కూడా మొగుణ్ణి ఆపని ఆ టామ్సిన్ ఏ గుండెతో నిలబడిందో ఇప్పుడు తెలుస్తోంది... అది ధైర్యం కాదు. వద్దనడానికి నోరు రాకపోవడం, అంతే!

మెల్లిగా అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటే తలుపు మీంచి విడదీసింది. "వెళ్ళు, నాన్నా," అంది. "తొందరగా వెళ్ళు."

చీకటి పడకముందే వాళ్ళు తిరిగొచ్చారు. ఇద్దర్నీ తీసుకొచ్చారు, ఇద్దరూ బతికే ఉన్నారు! ఆడవాళ్ళు దుప్పట్లతో పరుగెత్తారు, కుర్రాళ్ళు ఈలలు వేశారు. కహల్ ఒక మనిషిని భుజం మీద మోసుకుంటూ రేవు మెట్లెక్కుతుంటే, గోడకి ఆనుకుని నిలబడ్డ ముసలివాళ్ళు ఈల వెయ్యలేదు. ఒక్కొక్కరూ టోపీ తీశారు. శవం వెళ్ళేటప్పుడు తీసినట్టు! అట్రాక్టా అది చూసి మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం భోజనాలకి ముందు జపమాల చెప్పుకున్నారు. చివర్లో ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలచుకోవడం, మిగతావాళ్ళు ఆత్మశాంతి కోరడం ఆ ఇంటి అలవాటు. డీలియా కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లల పేర్లు నాకు చెప్పు, అమ్మాయ్. మా ఇంట్లో ఎవరూ ఇన్నాళ్ళూ వాళ్ళని తలచుకోలేదు." అట్రాక్టా చెప్పింది. కన్నీళ్ళు బొటబొటా రాలుతుండగా ముసలామె మొదలుపెట్టింది.

"ఆంటొనీ."

"నిత్య విశ్రాంతి దయచేయండి, ప్రభువా."

"సిలస్... టామ్సిన్... జాబెజ్..." పేరు పేరుకీ మ్యాటీ, అట్రాక్టా బదులు పలికారు. "హెడ్లీ... విలియం... కహల్."

అదే రాగంలో, అదే వరసలో, నోటి వెంట దానంతటదే దొర్లిపోయింది! డీలియా చేతిలోంచి జపమాల జారింది. మ్యాటీ తలెత్తాడు. "అయ్యో... నోరు జారిందే! దేవుడా, నోరు జారింది! నేను... వాడు పైనే ఉన్నాడు, బట్టలు మార్చుకుంటున్నాడు..." అని ముసలామె నోరు నొక్కుకుంది.

అన్న మాట వెనక్కి రాదు. బదులు లేకుండా వదిలేస్తే కొడుకు పేరు ఆ చీకట్లో ఒంటరిగా ఉండిపోతుంది. అట్రాక్టా అత్తగారి చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఆపకండి, అత్తయ్యా. నా పేరు కూడా అనండి. తర్వాత మీది. తర్వాత ఆయనది. అందరివీ అనేద్దాం... వాడొక్కడే ఎందుకుండాలి?"

"అట్రాక్టా," అంది డీలియా ఏడుస్తూనే. "డీలియా. మ్యాటీ."

ముగ్గురూ కలిసి బదులు పలికారు. బయట గాలి ఇంటి కప్పు మీద తిరుగుతోంది. పైనుంచి, "అమ్మా, ఆకలేస్తోంది!" అని కహల్ కేక వేశాడు. అట్రాక్టా వెంటనే లేవలేదు. వాడు ఇంకోసారి పిలిస్తే వినాలనిపించింది.