రెజిన్ షెడ్డు మేస్త్రి

"కిటికీలు ఎవరు మూసిన్రు?"

కొత్త మేస్త్రి ఆ మాట అడిగేసరికి షెడ్డులోని ఆడవాళ్లంతా చేతిపని ఆపి తలలు వంచుకున్నారు. రాజమణి మాత్రం తల వంచలేదు.

"నేనే మూసిన. గాలికి దుమ్మొచ్చి తడి తొట్ల మీద పడుతది. దుమ్ము పడితే సారు తిడుతడు."

"గీ వాసనకు తల తిరుగుతలేదా?"

"తిరుగుతది. ఇంటికి పోయి చాయ తాగితే తగ్గుతది."

ఆ మేస్త్రి, ఉప్పలయ్య, వెళ్లి ఒక్కొక్క కిటికీ తెరిచాడు. అతను అవతలికి వెళ్లగానే రాజమణి లేచి మళ్లీ మూసింది. అతను తిరిగొచ్చి తెరిచాడు. ఆమె మూసింది. చివరికి అతను గడియలన్నీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"కిటికీలు మీ ఇంటివా మేస్త్రీ?"

"కావు. కానీ ఊపిరి మీది."

ఆ మాటకు ఆమె ఆ రోజంతా అతని మీద కోపంగా ఉంది.

అది ఎనభై ఏడు, వేసవి మొదలు. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్, ఊరివాళ్ల నోట మానుకోట. రైల్వే గేటు అవతల నర్సింగరావు కొత్తగా వేసిన రేకుల షెడ్డులో ఫైబర్ నీళ్ల తొట్లు తయారయ్యేవి. తేనెలా చిక్కగా ఉండే రెజిన్‌లో ముందు ఊదా మందు కలిపి, ఆ తర్వాత తెల్లమందు కలిపి, అచ్చు మీద పరిచిన గాజునార మీద బ్రష్షులతో పూయాలి. కాసేపటికి అది వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. రాజమణి తండ్రి కట్టయ్య గల్లా మార్కెట్లో హమాలీ. ధాన్యం బస్తాలు మోసి మోసి అతని నడుము పట్టేశాక, ఆమె ఈ పనికి కుదిరింది.

ఉప్పలయ్యది రఘునాథపల్లి. హైదరాబాద్‌లో ఇలాంటి పనే నేర్చుకొని వచ్చాడు. వచ్చిన నాటి నుంచి అతనికి ఒకటే ధ్యాస. బీడీ కాల్చేవాళ్లను గేటు బయటికి పంపాడు. బాల్చీలో మిగిలిపోయిన రెజిన్ పొగలు కక్కుతుంటే ఎత్తుకెళ్లి బయట ఇసుకలో పెట్టించాడు. తెల్లమందు తుడిచిన గుడ్డల్ని మూలన పడేయకుండా నీళ్లలో వేయించాడు.

"ఊదా మందు, తెల్లమందు ఒకదాంట్ల ఒకటి పోయొద్దు. రెజిన్‌ల ఊదా మందు మొత్తం కలిసినంకనే తెల్లది. రెండూ ఉట్టిగ కలిసినయంటే పేలుతయి," అని రోజూ చెప్పేవాడు. "తెల్లది కంట్ల పడితే నీళ్లు. ఇంకేం లేదు, నీళ్లే. ఆ క్షణమే కడగాలె."

"కంట్ల పడకముందుకు ఏం చెయ్యాలె మేస్త్రీ?" అని రాజమణి అమాయకంగా అడిగేది.

"అద్దాలు పెట్టుకోవాలె. సారును అడిగిన, తెప్పిస్తనన్నడు."

"అద్దాలు పెట్టుకుంటే నువ్వు ఇంకింత పెద్దగ కనబడతవేమో. జర భయమైతది."

అందరూ నవ్వేవారు. అతను నవ్వేవాడు కాదు.

ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కమ్ముకొచ్చింది. తడిగాలికి పూత సరిగా ఆరదని అతను పని ఆపించాడు. మిగతావాళ్లు తలల మీద కొంగులు కప్పుకొని ఇళ్లకు పరుగెత్తారు. రాజమణి చూరు కింద నిలబడింది. అతను కాస్త ఎడంగా నిలబడ్డాడు. రేకుల మీద వాన దంచుతోంది.

"మీ రఘునాథపల్లిల నవ్వుడు తప్పా మేస్త్రీ?"

"నేను నవ్వితే నువ్వు కిటికీలు మూస్తవ్."

ఆమె పకపకా నవ్వింది. అప్పుడు అతనూ నవ్వాడు, కానీ ఎక్కువసేపు కాదు. వాన వైపు చూస్తూ, హైదరాబాద్‌లో తన పక్కన పనిచేసిన టీక్యా సంగతి చెప్పాడు. కొత్తవాడు, చెప్పినవాళ్లు లేరు. రెండు మందులూ ఒకే గ్లాసులో పోశాడు. ముఖమూ చేతులూ కాలిపోయాయి.

"దవాఖానల మూడు దినాలు ఉన్నడు. నా చెయ్యి పట్టుకొనే పోయిండు. అందుకే రోజూ మీ మీద ఒర్రుత. మీకు కోపమొచ్చినా సరే."

రాజమణి చూరు అంచు నుంచి పడుతున్న నీళ్ల కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఆ రోజు తర్వాత ఆమె అతన్ని ఆటపట్టించడం మానలేదు గానీ, అతను చెప్పిన పనల్లా ముందుగా తనే చేసేది. ఆమె వైపు చూసి, ఆమె చూడగానే అచ్చుల వైపు చూపు తిప్పుకోవడం అతనికి అలవాటైంది. అది షెడ్డులో ఆమె ఒక్కతే కాదు, అందరూ గమనించారు.

ఎండలు ముదిరాయి. భూపాలపల్లి దిక్కు కొత్తగా కడుతున్న క్వార్టర్లకు తొట్లు కావాలని ఆర్డరు వచ్చింది. నర్సింగరావు తొందరపెట్టాడు. తెల్లమందు డబ్బాలు లారీలో వస్తే, లోపల జాగా లేదని వాటిని ఆరుబయట దించించాడు. నీడలో పెట్టాలని ఉప్పలయ్య రెండుసార్లు చెప్పాడు. రేపు పెడదామన్నాడు నర్సింగరావు.

ఆ మర్నాడు రాజమణి ఒక డబ్బా తెచ్చి మూత తిప్పబోయింది. డబ్బా పక్కలు ఉబ్బి ఉన్నాయి. ఉప్పలయ్య అది చూసి పరుగున వచ్చాడు.

"ఆగు. ఎండల ఉన్న డబ్బా అది. నువ్వు జరుగు."

ఆమెను వెనక్కి నెట్టి, తడిగుడ్డ కప్పి, మూతను మెల్లగా వదులు చేశాడు. సగం తిరగకముందే లోపలి గాలి బుస్సున తన్నింది. గుడ్డ ఎగిరిపోయింది. మందు అతని ఎడమ కంటిలో పడింది.

అతను రెండు చేతులతో కన్ను మూసుకొని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

రాజమణి అతని చొక్కా కాలరు పట్టి నీళ్ల గోలెం దగ్గరికి ఈడ్చుకెళ్లింది. చెంబుతో ముంచి ముఖం మీద పోసింది. కన్ను తెరుచుకోవడం లేదు.

"తెరువు. కన్ను తెరువు."

"నాతోని అయితలేదు."

ఆమె తన చేతులు కడుక్కొని, వేళ్లతో అతని రెప్పలు విడదీసి పట్టుకుంది. నీళ్లు పోయమని పక్కవాళ్లను కేకేసింది. పెద్దావిడ యాకమ్మ గాబరాగా వచ్చింది.

"బిడ్డా, పక్కింటి వీరమ్మ కోడలు బాలింత. పాలు పిండి తెస్త, కంట్ల పోద్దాం. సల్లగైతది."

"పాలు వద్దు అవ్వా. ఏం వద్దు. నీళ్లే అని ఆయననే చెప్పిండు గదా. పొయ్యున్రి, ఆపకున్రి."

గోలెం ఖాళీ అయితే బోరింగు కొట్టి తెచ్చారు. నర్సింగరావు జీపు తెచ్చేదాకా పోశారు. జీపులో కూడా ఆమె పక్కన కూర్చొని బిందెలోంచి పోస్తూనే ఉంది. ఎవరి ముందు ఎవరిని పట్టుకుందో, ఎవరేమనుకుంటారో, అదేదీ ఆమెకు తోచలేదు.

వరంగల్ కంటి దవాఖాన డాక్టరు, వెంటనే కడగబట్టి కనుగుడ్డు మిగిలిందన్నాడు. చూపు మాత్రం పూర్తిగా రాదన్నాడు. ఆ కంటికి వెలుగు తెలుస్తుంది, మనిషి తెలియడు. కుడి కంటికి భయం లేదు.

రాజమణి తండ్రిని తోడు తీసుకొని బత్తాయిలతో చూడడానికి వెళ్లింది. ఉప్పలయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు ఇగ రాకు రాజమణీ."

"ఎందుకు?"

"నీ మీద పడేది నా మీద పడ్డదని వస్తున్నవ్. నాకు ఆ రుణం వద్దు."

ఆమె పండ్లు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. బస్సులో మానుకోట దాకా ఏడుస్తూనే ఉంది. కట్టయ్య తన తువ్వాలు ఆమె ఒళ్లో పెట్టాడు. తర్వాతి వారం, ఉప్పలయ్య దవాఖాన నుంచి అటే రఘునాథపల్లికి వెళ్లిపోయాడని తెలిసింది.

షెడ్డులో ఆడవాళ్లెవరూ బ్రష్షు ముట్టలేదు. డబ్బాలకు నీడ, పని దగ్గర నల్లా, కండ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు వచ్చేదాకా పనికి రామని రాజమణే ముందుండి చెప్పింది. నర్సింగరావు మొదట కోప్పడ్డాడు. తర్వాత ఆ డబ్బా పడి ఉన్న చోటు చూసి ఒప్పుకున్నాడు. అన్నీ వచ్చాక ఆమెను పిలిచాడు.

"మేస్త్రి లేకుంటే నడుస్తలేదమ్మా. రమ్మంటే వస్తడా?"

"నేను అడిగొస్త సారు," అంది రాజమణి.

ఆ సాయంత్రం తండ్రి పక్కన కూర్చుంది.

"బాపు, రఘునాథపల్లికి పోదాం. పనికి రమ్మని చెప్పాలె."

"దానికి నేనెందుకు బిడ్డా?"

రాజమణి నేల వైపు చూస్తూ, "ఇంకో మాట ఉన్నది. అది నువ్వు అడగాలె," అంది.

కట్టయ్య బీడీ ముట్టించాడు. "కులం ఒకటే, గది సరే. కన్ను సంగతి ఆలోచించినవా?"

"ఆలోచించిన."

ప్యాసింజరులో కాజీపేట దాకా వెళ్లి, ఇంకో బండి పట్టుకొని రఘునాథపల్లి చేరారు. ఉప్పలయ్య తల్లి ఓదెమ్మ వాకిట్లో మంచం వాల్చింది. ఉప్పలయ్య నల్లద్దాలు పెట్టుకొని లోపలి నుంచి వచ్చాడు. చిక్కిపోయాడు. పెద్దవాళ్లు మాటల్లో పడ్డాక రాజమణి అతని దగ్గరికి వెళ్లి, సారు పంపిన కబురు చెప్పింది.

"జాలితోని ఇంత దూరం వచ్చినవా?" అన్నాడు అతను.

"జాలి అయితే బత్తాయిలు తెచ్చి పోతుంటి. బాపును ఎందుకు తోలుకొస్త?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె చెప్పిన మాట అర్థమయ్యాక తల దించుకున్నాడు.

"నాకు దూరం దగ్గర తెలుస్తలేదు రాజమణీ. మెట్టు ఉన్న కాడ అడుగు పడదు. నీకు ముంగట ముంగట కష్టమైతది."

"ఆ డబ్బా నా చేతిల పేలి ఉంటే, నువ్వు నన్ను ఇడిచిపెడుతుంటివా?"

"లేదు."

"మరి నన్నెందుకు పొమ్మంటున్నవ్?"

అతను వచ్చినవాళ్లకు నీళ్లిద్దామని చెంబు అందుకున్నాడు. గ్లాసులోకి వంచితే నీళ్లు గ్లాసు పక్కన నేల మీద పడ్డాయి. ఓదెమ్మ లేవబోయింది. రాజమణి చెంబు లాక్కోలేదు. అయ్యో అనలేదు. గ్లాసును జరిపి ధార కిందికి తెచ్చింది. అది నిండింది. రెండోదీ అలాగే నిండింది. తండ్రికి ఒకటి ఇచ్చి, ఇంకొకటి తను తాగింది.

ఓదెమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"అన్నా, ఈ పెండ్లి మీకు ఇష్టమైతే మాకేం అడ్డు లేదు. మా వాడు మీ బిడ్డ పేరే తీస్తలేడు గానీ, మానుకోట దిక్కు నుంచి బండి కూత పెట్టినప్పుడల్ల బయటికొచ్చి నిలబడుతున్నడు. ఆ బండి ఇక్కడ ఆగదని వానికి ఎరుకే."

"అమ్మా," అన్నాడు ఉప్పలయ్య, ముఖం ఎర్రబడి.

కట్టయ్య గ్లాసు కింద పెట్టాడు. "నా బిడ్డ నన్ను తోలుకొచ్చింది చెల్లె. ఇగ నేను కాదంటే వింటదా? పిల్లలు సల్లగుండాలె."

సాయంత్రం స్టేషనుకు బయలుదేరారు. కట్టయ్య, ఓదెమ్మ ముందు నడుస్తున్నారు. వెనుక ఉప్పలయ్యకు ఎడమ పక్కన రాజమణి నడిచింది. కొంత దూరం పోయాక ఉప్పలయ్య ఆగాడు.

"రాజమణీ, జర ఇటు దిక్కు వచ్చి నడువు."

"ఎందుకు?"

"అటు దిక్కు ఉంటే నువ్వు నాకు కనబడతలేవు."

ఆమె అతని వెనుక నుంచి తిరిగి, కుడి పక్కకు వచ్చి నడిచింది.