చదునుగా సాగిన తొమ్మిది గీతలు

ఉదయం 9.40. మిర్యాలగూడ ఐసీయూలో నీలా ఇంకా కళ్లు తెరవలేదు.

ఎనిమిదో నెల. నిన్న మధ్యాహ్నం పుట్టింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే బీపీ 190/120.

నాలుగు రోజుల కిందట, గర్భిణుల సర్వేలో ఆమె బీపీ 117/73. ఇంటింటికీ తిరిగి బీపీ చూసే సర్వే వర్కర్ లక్ష్మీబాయి లాగిన్‌తో ఎక్కింది.

నీలా భర్త ఫిర్యాదు ఇచ్చాడు. సూర్యాపేట స్టేషన్‌లో ఎస్సై సంగీత ఎదుట లక్ష్మీబాయి నిలబడి ఉంది. భుజాన బీపీ మిషన్ సంచి.

"నీలాను లాస్ట్ ఎప్పుడు చూసినవు?"

"ఏడో నెలల మేడమ్. తొలి కాన్పు గదా, పుట్టింటికి పోయింది. ఆఫీసుల చెప్పిన."

"మరి ఈ ఎంట్రీ?"

"నాది కాదు."

పక్క కుర్చీలో మురళీధర్ నిట్టూర్చాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడుచోట్లా సర్వే నడిపే కోఆర్డినేటర్ ఆయనే. "ఇంట్లో కూర్చుని రాసేస్తే ఇలాగే ఉంటుంది మేడం."

"ఇంట్ల కూసుంటే నా చెప్పులు గిట్ల అరుగుతయా సారూ? పాస్‌వర్డులన్నీ మీ దగ్గర్నే ఉంటయి గద."

సంగీత ఆ మాట రాసుకుంది. లాప్‌టాప్ ముందున్న చరిత వైపు తిరిగింది. సర్వే లెక్కలు చూసే స్టాటిస్టిక్స్ నిపుణురాలు.

"ఒక్కొక్కరికి నెలనెలా తీసిన బీపీని ఒక గీతగా గీశాను," అంది చరిత. "ఒకే తీరున నడిచే గీతల్ని కంప్యూటర్ ఒక గుంపు చేస్తుంది. మెల్లగా పెరిగేవి ఒక గుంపు. తగ్గి పెరిగేవి ఇంకొకటి. మూడో గుంపులో తొమ్మిది మంది. ఏడో నెల తర్వాత తొమ్మిది గీతలూ బల్లపరుపుగా ఉన్నాయి."

"అందరూ లక్ష్మీబాయి చూసేవాళ్లేనా?"

"కాదు. మూడు ఊళ్లు. నలుగురు వర్కర్లు."

"ఎన్నో కాన్పు?"

చరిత వేళ్లు కదిలాయి. "అందరికీ తొలి కాన్పే."

తొలి కాన్పంటే పుట్టిల్లే. తొమ్మిది మందీ పుట్టింటికి వెళ్లారు. అక్కడ వర్కర్లు బీపీ చూడరు, గీత తెగిపోవాలి. తెగలేదు.

"నలుగురూ మాట్లాడుకుని రాసుంటారండీ," అన్నాడు మురళీధర్.

"లక్ష్మీబాయీ, మిషన్ తియ్యి. ఇందులో 117 చూపించు."

ఆమె ముల్లు ఉన్న గుండ్రటి మీటరు తీసింది. "ఉండదు మేడమ్. రెండేసి అంకెలకు ఒక గీత. నూట పదహారు రాస్తం, లేకుంటే నూట పద్దెనిమిది."

"మిగతా వర్కర్లకు?"

"అందరికీ గిదే ఇచ్చిన్రు."

చరిత స్క్రీన్ కిందికి జరిపింది. ఏడో నెల దాకా అన్నీ సరి సంఖ్యలు. ఆ తర్వాత 117, 113, 119.

"ఈ మీటరు ఎన్నడూ చూడని మనిషి రాసిండు," అంది సంగీత. "నాలుగు లాగిన్లూ తెలిసిన మనిషి. ఏమంటరు మురళీధర్ గారూ?"

ఆయన కర్చీఫ్ తీశాడు. "ఖాళీ ఎంట్రీలు పది శాతం దాటితే ప్రాజెక్ట్ ఆపేస్తామన్నారు మేడం. నంబర్లే కదా అనుకున్నాను."

"మిగతా ఎనిమిది మంది ఇప్పుడు ఎక్కడున్నరు?"

ఆయనకు తెలియదు.

10.35. లక్ష్మీబాయి సంచిలోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. తన గర్భిణుల తల్లుల ఫోన్ నంబర్లు అందులో ఉన్నాయి. మిగతా వర్కర్ల దగ్గర్నుంచీ అడిగి రాసుకుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఏడుగురికి ఏ ఇబ్బందీ లేదు. అయినా ఈరోజే దవాఖానకు పోయి చూపించుకొమ్మంది.

11.50. ఎనిమిదో ఫోన్. కోదాడ. శిరీష తల్లి ఎత్తింది.

"పొద్దుట్నుంచి తలనొప్పంటోందమ్మా. ఎండకేమోనని పడుకోబెట్టాను."

"కండ్లు మసకబారుతున్నయా, అడుగు తల్లీ."

తల్లి కూతుర్ని అడిగింది. "అవునంటోంది."

"ఇంట్ల ఉంచకు. ఫోన్ పెట్టెయ్యకు."

సంగీత అప్పటికే 108కు చెబుతోంది.

12.25కి అంబులెన్స్ నుంచి బీపీ చెప్పారు. 168/112. ఒంటిగంట దాటాక కోదాడ డాక్టర్ ఫోన్. సమయానికి తెచ్చారు, ఫిట్స్ రాలేదు.

లక్ష్మీబాయి కుర్చీలో కూర్చుంది. సర్వే ఫారం తీసి శిరీష పేరున 168/112 రాసింది. ఎక్కడ చూశారో రాయడానికి అందులో గడి లేదు.

పక్కన ఖాళీలో రాసింది: పుట్టిల్లు, కోదాడ.