పున్నమి ఆటు

బాలమణి కనబడకుండా పోయి ఇరవై ఆరు రోజులు.

ఉదయం 10.20. జహీరాబాద్ స్టేషన్లో ఎస్సై గ్లోరీ బల్ల కింద బూట్ల లేసులు వదులు చేసుకుంది. వారంగా బందోబస్తు డ్యూటీ. కాళ్లు వాచాయి. ఎదురుగా రాయికోడ్ నుంచి వచ్చిన రామ్‌కిషన్ నిలబడి ఉన్నాడు. బాలమణికి సొంత అన్న.

"మా చెల్లె మునుగలే మేడం. దాని మొగడే ముంచిండు."

"ఎట్ల చెప్తవ్?"

"పదకొండేండ్లల్ల ఒక్కసారన్న ఎటన్న తీస్కపోయిండా? ఒక్కసారి పోయిన్రు. ఒక్కడే వచ్చిండు."

గ్లోరీ ఫైలు తెరిచింది. కాకినాడ వైపు పోలీసుల నుంచి వాట్సాప్‌లో వచ్చిన కాగితాలు.

భర్త బస్వరాజ్, నలభై రెండేళ్లు. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద లారీ టైర్ల షాపు. భార్య బాలమణి, ముప్పై నాలుగు. పిల్లల్లేరు. కార్తీక పౌర్ణమి మర్నాడు, మడ అడవుల మధ్య ఉప్పుటేట్లో తెరచాప పడవ మీద ఇద్దరూ షికారుకు వెళ్లారు. పడవ నడిపింది ఎంకయ్య. మధ్యాహ్నం 3.12కు బాలమణి ఫోన్ స్విచాఫ్. సరిగ్గా అప్పుడే, ఫోన్ చేతిలో ఉండగానే, చెయ్యి కడుక్కోబోయి ఏట్లో పడిందని భర్త స్టేట్‌మెంట్. మూడు రోజులు గాలించారు. శవం దొరకలేదు.

11.40. బస్వరాజ్ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటికొకటి తప్పిపోయి ఉన్నాయి.

"పడ్డప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"పక్కన్నే."

"లోతెంత?"

"మనిషి మునిగేటంత."

"ఏం చేసినవ్?"

"దుంకిన."

"ఈత వస్తదా?"

"రాదు."

"మరి నువ్వెట్ల బతికినవ్?"

బస్వరాజ్ నేల చూశాడు.

అతన్ని బయట కూర్చోబెట్టాక కానిస్టేబుల్ సురేశ్ గొంతు తగ్గించాడు. "వీడే మేడం. మొకం చూస్తలేరా?"

చూసింది. అది నెల రోజులుగా నిద్ర లేని ముఖం. భయపడే ముఖం కాదు. అయినా సురేశ్ మాటకు ఊకొట్టి, రిమాండ్ రిపోర్ట్ రాసి, ఇంటికి పోయి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకోవాలని గ్లోరీకి ప్రాణం లాగింది.

బదులుగా ఫైలు మళ్లీ మొదటి నుంచి చదివింది.

పడవలో దొరికిన సంచిలో వస్తువుల లిస్టు. చీరలు రెండు. దువ్వెన. తువ్వాలు. బస్వరాజ్ షుగర్ గోళీలు. బాలమణి రోజూ వేసుకుంటుందని రామ్‌కిషన్ చెప్పిన థైరాయిడ్ గోళీలు మాత్రం లేవు. చెయ్యి కడుక్కోడానికి గోళీల డబ్బా ఎందుకు?

ఇంకో పేజీ. ఎంకయ్య స్టేట్‌మెంట్. మధ్యలో ఒకే ఒక్క లైను: 'పడవ మూడు గంటలు ఆపినాము.'

ఎందుకు ఆపారో ఎవరూ రాయలేదు.

1.05. గ్లోరీ ఎంకయ్యకు ఫోన్ చేసింది.

"మూడు గంటలు పడవ ఎందుకు ఆపిన్రు?"

"ఆటండి."

"ఆటా? పడవలో ఏం ఆట?"

"ఆట కాదమ్మా, ఆటు! సముద్రం వెనక్కెళ్తే ఏట్లో నీళ్లు లాగేస్తాయి కదండీ. పైగా పున్నమి రోజులు. మరీ లాగేస్తాయి. రెండింటికల్లా పడవ బురద మీద కూర్చుండిపోయింది. ఐదు దాటాక గానీ పోటు రాలేదు."

గ్లోరీ పెన్ను పట్టుకుంది.

"మూడుంబావుకు నీళ్లెంత ఉన్నయి?"

"నీళ్లెక్కడివండీ? పాదం తడుస్తుందంతే. కింద బురద మోకాలి దాకా."

"మనిషి మునుగుతదా?"

"కోడిపిల్ల కూడా మునగదండి."

"ఈ మాట పోలీసులకెందుకు చెప్పలే?"

"ఆయన కేక ఎప్పుడు విన్నావన్నారు. ఐదున్నరకన్నాను; అంతసేపూ ఆయనొక్కడే వెతికాడనుకున్నారు. అప్పటికి ఏరు నిండుగా ఉంది. మూడింటికి నీళ్లెంతున్నాయని ఎవరూ అడగలేదండి."

"అప్పటిదాంక నువ్వెక్కడున్నవ్?"

"పడవ కదలదు కదండీ. గట్టు మీద పాకలో అన్నం తిని కునుకు తీశాను."

"గట్టెంత దూరం?"

"యాభై అడుగులుంటుందేమో. ఎక్కితే రోడ్డే. రొయ్యల షెడ్డు ఆడోళ్ల కోసం ఆటోలు తిరుగుతుంటాయి."

గ్లోరీ ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. అక్కడివాళ్లకు ఆటుపోట్లు ఊపిరంత మామూలు. అందుకే ఎవరూ వాటి ఊసెత్తలేదు. ఇక్కడివాళ్లకు నీళ్లంటే చెరువు. పొద్దున ఎంతుంటే సాయంత్రమూ అంతే. బస్వరాజ్ కూడా ఇక్కడివాడే.

అక్కడి స్టేషన్‌కు ఫోన్ చేసి ఆటోవాళ్లను అడగమంది. నాలుగో రోజు జవాబొచ్చింది. మోకాళ్ల దాకా బురదతో, తెలంగాణ మాటతో ఒకామె ఎక్కిందని ఒక డ్రైవర్‌కు గుర్తుంది. టౌన్లో ఆడవాళ్ల హాస్టల్ దగ్గర దింపాడట. బాలమణి ఆ హాస్టల్ వంటింట్లోనే పని చేస్తోంది.

అదే రోజు సాయంత్రం 4.30. బాలమణి ఫోన్లోకి వచ్చింది.

"ఆయన కొట్టిండా?" గ్లోరీ అడిగింది.

"లేదు మేడం. మంచోడే."

"మరి?"

"అత్తమ్మకు పచ్చవాతం. ఎనిమిదేండ్ల సంది మంచంల్నే. ఎత్తుడు, కడుగుడు, తినిపిచ్చుడు. రాత్రి మూడుసార్లు లేసుడు. నాకు చాతనైతలేదని ఆయనకు చెప్పిన. ఊ అన్నడు. మల్ల చెప్పిన. ఊ అన్నడు. మా అన్నకు చెప్తే, ఆడదానికి గిదే కద పని అన్నడు. మా ఆడిబిడ్డ నాలుగు దినాలు చూస్కుంటనన్నది. గందుకే పడవెక్కినం."

ఆమె వంటింటి తలుపు దగ్గరికి వేసిన చప్పుడయింది.

"ఆయన పండుకున్నంక పడవ బురదల కూసుంది. ఆయన లేవలే. ఎవ్వరు పిలుస్తలేరు. ఒక గంట గట్లనే కూసున్న మేడం. ఎవ్వరు పిల్వకుంట గంట సేపు కూసోని ఎన్నేండ్లయిందో యాదికి రాలే. ఫోన్ బంద్ చేసిన. దిగి నడిచిన."

"ఒక మాట చెప్పి పోవద్దా? నువ్వు సచ్చిపోయినవనుకుంటున్నరు."

"లేపి చెప్తే మల్ల ఇంటికే పోతుంటి."



మర్నాడు ఉదయం 11.00. బస్వరాజ్, రామ్‌కిషన్ ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. సురేశ్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బాలమణి బతికే ఉంది," అంది గ్లోరీ.

రామ్‌కిషన్ దిగ్గున లేచాడు. బస్వరాజ్ కదల్లేదు.

గ్లోరీ అంతా చెప్పింది. పున్నమి ఆటు. పాదం తడిసేటన్ని నీళ్లు. లేని గోళీల డబ్బా. గట్టు మీద ఆటో. తర్వాత బస్వరాజ్ వైపు తిరిగింది.

"పడ్డది నువ్వు చూడలే. ఎందుకు అబద్ధమాడినవ్?"

"నిద్రవోయిన మేడం. లేసే సరికి సుట్టు నీళ్లే. ఆమె లేదు. పక్కన పెండ్లాం మునుగుతుంటె నిద్రవోయిన్నని ఎట్ల చెప్పాలె? ఫోన్ మూడుంబావుకు బందైందని అక్కడి సారు అన్నడు. గప్పుడే పడ్డది కావచ్చనుకున్న. దుంకిన్నని చెప్పిన."

రామ్‌కిషన్ బల్ల మీద చరిచాడు. "ఏడుందో చెప్పుండ్రి మేడం. ఇయ్యాలనే పోయి గుంజుకొస్త. మా ఇంటి ఇజ్జత్ తీసింది."

"చెప్ప. ఆమె మేజర్. ఇష్టంతో పోయింది. అడ్రస్ ఎవ్వరికీ ఇయ్యొద్దన్నది."

"అన్నను నేను!"

"బావ." బస్వరాజ్ మొదటిసారి తలెత్తాడు. "నెల సంది నన్ను ఖూనీకోర్ అన్నవ్. పడ్డ. ఆమె జోలికి మాత్రం పోకు."

రామ్‌కిషన్ అతని వైపు కాసేపు చూశాడు. విసురుగా బయటికి నడిచాడు.

బస్వరాజ్ ముఖం తుడుచుకున్నాడు. బతికుందన్న మాటకు రావాల్సిన నవ్వు, వదిలి పోయిందన్న మాటకు రావాల్సిన ఏడుపు ఒకదాన్నొకటి ఆపేసినట్టున్నాయి.

"తింటున్నదా మేడం?"

"తింటుంది."

"నన్ను ఏమన్న తిట్టిందా?"

"మంచోడే అన్నది."

ఆ మాట దగ్గర అతని భుజాలు కుంగిపోయాయి. తిట్టి ఉంటేనే నయమనిపించింది గ్లోరీకి.

అతను కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నా బయాన్ మార్చి రాయుండ్రి మేడం. నేను చూడలేదని రాయుండ్రి. నిద్రల ఉన్ననని."

గ్లోరీ కొత్త కాగితం తీసింది. పేరు, వయసు, ఊరు రాసింది. టైం కోసం ఖాళీ వదిలి తలెత్తింది.

"ఎప్పటి సంది నిద్రల ఉన్నవ్?"

బస్వరాజ్ ఆ ఖాళీ వైపు చూశాడు.

"ఎనిమిదేండ్ల సంది."

గ్లోరీ పెన్ను ఆగింది. తర్వాత 'మధ్యాహ్నం రెండు గంటలకు ముందు నుంచి' అని రాసి, సంతకం పెట్టాల్సిన చోటు అతనికి చూపించింది.