అరువిచ్చిన కళ్ళు

ఫోటో స్టూడియోలో నా పని కళ్ళు తెరిపించడం. పెళ్ళి ఫోటోల్లో రెప్ప వాల్చినవాళ్ళకి ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి అతికిస్తాను. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, నా కళ్ళు మాత్రం ఇసుక పోసినట్టు గరగరలాడేవి.

"రెప్ప వెయ్యడమే మర్చిపోతున్నావమ్మా," అన్నాడు కళ్ళ డాక్టరు. "మధ్యమధ్యలో కాసేపు కళ్ళు మూసుకుని కూర్చో. అంతకు మించిన మందు లేదు."

ఆ మధ్యాహ్నమే ఒకాయన వచ్చాడు. ఫోన్లో వాళ్ళక్క ఫోటో ఉంది. పోయాక తీసింది.

"బతికుండగా ఒక్క ఫోటో తీయించుకోలేదండీ. గోడకి పెట్టుకోవాలి. కళ్ళు తెరిచున్నట్టు చెయ్యండి."

వేరే ఫోటో లేకుండా కళ్ళెక్కణ్ణుంచి తేను? మా ఓనర్ తొంగిచూసి నవ్వాడు. "నీ కళ్ళే పెట్టెయ్, ఎవడు చూడొచ్చాడు? పోలికలు కూడా కలిశాయి."

పెట్టాను. అతుకు తెలియలేదు. ఫ్రేము చేతికిస్తే ఆయన దాన్ని చూడనేలేదు. నా కళ్ళలోకి చూస్తూ, "బాగున్నావక్కా," అన్నాడు.

మర్నాడు బస్సులో కళ్ళు మూసుకున్నాను. చీకటి రాలేదు. ఎవరిదో ముందుగది. గోడ మీంచి చూస్తున్నట్టు... కుర్చీలు, ఫ్యాను, మనుషులు. అందరూ నా వైపే తిరిగి ఏడుస్తున్నారు. ఉలిక్కిపడి తెరిస్తే బస్సు. మూస్తే ఆ గది.

నిద్ర కరువైంది. మా ఆయన చుక్కల మందు వేసి, అరచేత్తో నా కళ్ళు కప్పేవాడు.

"ఇప్పుడేం కనిపిస్తోందే?"

"వాళ్ళు అన్నాలు తింటున్నారు..."

ఆయన చెయ్యి తీసేశాడు. మళ్ళీ వెయ్యలేదు.

ఉండబట్టలేక ఆ తమ్ముడికి ఫోన్ చేశాను. "ఆ ఫోటో దించెయ్యండి బాబూ. మీకు పుణ్యముంటుంది. కళ్ళు మూసుకోలేకపోతున్నాను."

"అయ్యో, అంత మాటా! దించేస్తానమ్మా," అన్నాడు మెత్తగా.

మాట నిలబెట్టుకున్నాడు. ఆ సాయంత్రం కళ్ళు మూస్తే చీకటి. చిక్కటి, చల్లటి చీకటి. ఏడుస్తూనే నవ్వాను. మొద్దునిద్ర పోయాను. లేవగానే ఆ తమ్ముడికి ఫోన్ చేశాను, బతికించారని చెప్పడానికి.

"ఫోటో బీరువాలో పెట్టారా?"

"లేదమ్మా. అక్క దగ్గరే పెట్టొచ్చాను."

"అక్క దగ్గరంటే..."

"మట్టి ఇంకా మెత్తగానే ఉంది. తవ్వడం కష్టం కాలేదు. శవపెట్టె మూత తీసి, అక్క మొహానికి ఎదురుగా పెట్టాను." గొంతు తగ్గించాడు. "అక్కకి చీకటంటే చిన్నప్పట్నుంచీ భయం. ఇప్పుడు మీరున్నారుగా."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఏ శ్మశానమో చెప్పలేదు.

చీకటికి కళ్ళు అలవాటు పడతాయంటారు. నిజమే. పడ్డాయి.

ముందు తెల్లగా ఏదో మసక. తర్వాత నుదురు... బుగ్గలు... జానెడు దూరంలో, నాకెదురుగా. పెదవుల నిండా ఎండిన మట్టి.

రెప్ప వెయ్యకుండా ఎంతసేపని ఉండగలను? నీళ్ళు కారి కారి, మంటెక్కి, వాటంతటవే మూసుకుంటాయి. మూసుకున్నప్పుడల్లా ఆవిడే.

ఇందాక కూడా మూసుకున్నాయి.

పెదవుల మీద మట్టి లేదు. తడిగా ఉన్నాయి... ఇప్పుడే ఎవరో నాలుకతో తుడుచుకున్నట్టు.