మేడ మీద గొంతు

చీకటి పడ్డాక ఆ మేడ ముందు నుంచి ఎవరూ నడవరు. కుక్కలు కూడా నడవవంటారు గానీ అది అబద్ధం. కుక్కలకి మనుషులకున్నంత పిరికితనం లేదు. నేను కళ్లారా చూడలేదు. ఇంటి ఓనరు భార్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ మేడలో అద్దెకున్నవాడు కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. ఒకసారి వెళ్లినవాడు తిరిగి రాలేదు — రోడ్డు మీదే పోయాడు. భార్య పాపని తీసుకుని అక్క ఇంటికి వెళ్లిపోతూ ఓనరు చేతులు పట్టుకుంది.

"బాబాయ్ గారూ, సామాను నెలాఖరుకి తీసుకెళ్తాను. అందాకా మేడ మీద గదిలో కరెంటు మాత్రం తియ్యకండి. ఆయన గొంతు అందులోనే ఉంది. పాపకి ఇంకేం మిగల్లేదు."

ఈ మాట వీధిలోకి వచ్చేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. మొగుడి ఆత్మని గదిలో పెట్టి తాళం వేసుకుపోయిందట! మొగుడు పోయినదాని మాటకి అర్థం చెప్పడానికి మన వీధుల్లో పండితులకు కరువా?

కొన్నాళ్లకి ఒక రాత్రి ఆ వీధి దర్జీ ఆ దారిన వస్తున్నాడు. దెయ్యాల్ని జేబులో వేసుకు తిరుగుతానని కోతలు కోసే మనిషి. గేటు దాటుతుండగా —

పైన ఎవరో దగ్గారు.

ఆగాడు. తాళం వేసినట్టే ఉంది. కిటికీలో దీపం లేదు... పచ్చటి చుక్క ఒకటి మాత్రం ఆరుతూ, వెలుగుతూ...

"నిద్ర రావట్లేదా, తల్లీ?" — పోయినవాడి గొంతే! "కళ్లు మూసుకో... నేను పక్కనే ఉన్నాను."

దర్జీ చెప్పులు అక్కడే వదిలేశాడు.

మర్నాడూ అదే దగ్గు, అదే మాట. ఆ మర్నాడు ఇంకా గట్టిగా. తర్వాత వీధి చివరిదాకా... "పక్కనే ఉన్నాను." ఎవరి పక్కన? ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని గడియలు పెట్టుకున్నారు.

ఇక మగవాళ్లకి పౌరుషం వచ్చింది. గుంపుగా ఉంటే వస్తుంది. దర్జీ గునపం పట్టుకున్నాడు. ఓనరు తాళం తీశాడు.

"నువ్వు ముందు నడువ్."

"మీ ఇల్లు కదండీ... మీరే..."

మెట్లు. తలుపు. లోపల మనిషి లేడు. బల్ల మీద చిన్న నల్లపెట్టె, దానికి రెండు స్పీకర్లు. ఆ పచ్చ చుక్క.

"కళ్లు మూసుకో..." గోడలు అదిరాయి.

దర్జీ కళ్లు మూసుకున్నాడు. మూసుకునే పెట్టె మీద గునపం దించాడు. మళ్లీ దించాడు. ముక్కలు ముక్కలయ్యేదాకా దించుతూనే ఉన్నాడు.

నిశ్శబ్దం... ఎవరో చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఓనరు ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"బాబాయ్ గారూ, అక్కడ కరెంటు పోయిందా? ఆయన సర్వర్ అందడం లేదు."

"సర్వరేంటమ్మా?"

"మేడ మీద పెట్టెండి. ఫొటోలు, పాపకి చెప్పిన కథలు, అన్నీ అందులోనే. ఆయన ఊళ్లో లేనప్పుడు తన ఫోన్లో నొక్కితే చాలు, ఇంటర్నెట్ మీదుగా అక్కడ గదిలో పాపకి కథ వినపడేది. ఆ ఫోన్లోనే రోజూ నేనూ నొక్కుతున్నాను. కథ నడుస్తున్నట్టే చూపిస్తుంది గానీ మాకు వినపడదు. సౌండు పెంచుకుంటూ పోయాను. ఇప్పుడే మా మరిది వచ్చి చూసి, 'వదినా, ఖాళీ గదికి కథ చెప్పిస్తున్నావు, శబ్దం అక్కడి స్పీకర్లలోకే పోతోంది' అన్నాడు. ఇటు వినపడేలా మార్చాడు. తీరా నొక్కబోతే..."

దర్జీ గునపం వీపు వెనక దాచుకున్నాడు.

"అవి... ఇంకెక్కడైనా దాచావామ్మా?" అన్నాడు ఓనరు.

"లేదండీ. ఉన్నదదొక్కటే. ఏం?"

ఓనరు కాళ్ల దగ్గరి ముక్కల్ని చూశాడు.

"ఏం లేదు... కరెంటే. వస్తుందమ్మా."

"సరే బాబాయ్ గారూ. పాపని నిద్రపోనివ్వను. వచ్చేదాకా నొక్కుతూనే ఉంటాం."